44 నదులు, ఒకే కరెంటు బోర్డు

‘బాహుబలి’లో ప్రభాస్ ఎక్కే జలపాతం చాలావరకు కంప్యూటర్ మాయ. మాయ కాని ముక్కలు కొన్ని కేరళలోని త్రిశ్శూర్ జిల్లా అతిరప్పిళ్ళి దగ్గర తీశారు. చాలకుడి నది అక్కడ 80 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. 2015లో మనం ఈలలు వేస్తూ ఆ నీళ్లను తెర మీద చూసేనాటికే, దానికి ఎగువన 23 మీటర్ల ఆనకట్ట కట్టి, నదిని సొరంగంలోకి మళ్ళించి 163 మెగావాట్లు తీయాలని కేరళ విద్యుత్ బోర్డు ఏళ్ల తరబడి ఫైళ్లు కదుపుతోంది. అనుమతులు వచ్చాయి, కోర్టులో పోయాయి, మళ్ళీ వచ్చాయి. ఆనకట్ట మాత్రం లేవలేదు.

ఎందుకు లేవలేదో చెప్పాలంటే అతిరప్పిళ్ళి దగ్గర మొదలుపెట్టి లాభం లేదు. ఇంకా వెనక్కి, ఇంకో నది దగ్గరికి వెళ్ళాలి.

అంతకన్నా ముందు కేరళ నదుల కొలత గురించి ఒక మాట. లెక్కకు 44. అందులో 41 పడమటి కనుమల్లో పుట్టి పడమటికే పారతాయి. కబిని, భవాని, పాంబార్ మూడే తూర్పుకు తిరుగుతాయి. అన్నింట్లోకి పొడవైన పెరియార్ 244 కిలోమీటర్లు. 1,465 కిలోమీటర్ల గోదావరిని చూసి పెరిగిన కంటికి ఇవన్నీ ఏర్లే. నిజానికి మలయాళంలో నదిని ‘ఆర్’ అని కూడా అంటారు, మన ‘ఏరు’కు తోబుట్టువు ఆ మాట. ఇంత పొట్టి నదికి ఎగువేదో దిగువేదో ఒడ్డునున్న అందరికీ తెలుసు. నదికో సంరక్షణ సమితి పుట్టడం అక్కడ వింత కాదు. ఆ సమితులు ఒకదానికొకటి తోడు రావడమే వింత. భారతపుళ ఒడ్డునున్నవాడికి చాలకుడి నదితో పనేమిటి? నా లెక్కలో జవాబు ఇది: నదులు 44 అయినా వాటి మీద ఆనకట్టలు తలపెట్టే బోర్డు ఒక్కటే. అటవీశాఖ ఒక్కటే, మెట్లెక్కాల్సిన హైకోర్టు ఒక్కటే. అవతల రాష్ట్రమంతటికీ ఒక్కరే ఉన్నప్పుడు, ఇవతల ఏటికొకరుగా విడిపోయి ఉంటే నెగ్గేదెప్పుడు?

ఇది మొదట తెలిసొచ్చింది సైలెంట్ వ్యాలీలో. పాలక్కాడ్ జిల్లాలో ఆ అడవిలోంచి దిగే కుంతిపుళ చివరికి భారతపుళలో కలుస్తుంది. దాని మీద 120 మెగావాట్ల ప్రాజెక్టుకు 1973లో ప్రణాళికా సంఘం సరేనంది. ఆ లోయలో మునిగిపోయే ఊళ్లు లేవు, పొలాలు లేవు. పరిహారం అడిగేవాళ్లు లేరు గనక అడ్డం పడేవాళ్లూ ఉండరనిపించడం సహజం. జరిగింది తలకిందులు. స్థానికులంటూ లేకపోవడంతో ఆ నది తరఫున ఎక్కడెక్కడివాళ్లో మాట్లాడాల్సి వచ్చింది. ఉత్తరాన పయ్యన్నూరు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే జాన్ సి. జేకబ్ తన విద్యార్థులను అడవులకు తిప్పుతూ ప్రకృతి సంఘాలు పెట్టించారు. దక్షిణాన తిరువనంతపురంలో కవయిత్రి సుగతకుమారి రచయితలను కూడగట్టారు. ఆమె చెట్టును స్తుతిస్తూ రాసిన కవిత ఆ ఉద్యమానికి ప్రార్థనా గీతంలా మారింది. ఈ రెండు కొసల మధ్య ఊరూరా శాఖలున్న కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు నిలబడింది. 1962లో సైన్సును మలయాళంలో రాయడానికి పుట్టిన సంఘం అది. మన జన విజ్ఞాన వేదిక కూడా ఆ తోవలోదే.

పరిషత్తు 1979లో అచ్చువేసిన నివేదికను ఐదుగురు రాశారు. ఒకరు వృక్షశాస్త్ర అధ్యాపకుడు ఎం.కె. ప్రసాద్. మిగతావాళ్లలో అణు ఇంజనీరు ఎం.పి. పరమేశ్వరన్, విద్యుత్ ఇంజనీరింగు చెప్పే వి.కె. దామోదరన్, ఒక వ్యవసాయ శాస్త్రజ్ఞుడు, ఆర్థికవేత్త కె.పి. కణ్ణన్ ఉన్నారు. ఈ కూర్పే అసలు సంగతి అంటాను. ‘కోతి కోసం కరెంటు వదులుకోవాలా?’ అని వెటకారం చేసేవాళ్లకు (అక్కడి సింహం తోక కోతి అప్పటికి దేశమంతా పేరుబడింది) అడవి గురించి ఒక్క ముక్కా మాట్లాడకుండా, కరెంటు లెక్కలతోనే జవాబివ్వగలిగారు. మలబారుకు కరెంటు ఇంకే దారిలో తేవచ్చో కూడా రాశారు. 1980 జనవరిలో హైకోర్టు ప్రాజెక్టును ఆపమన్న వ్యాజ్యాన్ని కొట్టేసింది. అయినా వాదం చావలేదు. కేంద్రం వేసిన ఎం.జి.కె. మీనన్ కమిటీ దాకా వెళ్ళింది. 1983లో ఇందిరా గాంధీ ప్రభుత్వం ప్రాజెక్టును పక్కన పెట్టింది, 1984 నవంబరులో ఆ అడవి జాతీయ ఉద్యానమైంది.

ఈ గెలుపు కథను కేరళ చాలాసార్లు చెప్పుకుంది, కాస్త ఎక్కువసార్లే చెప్పుకుందేమో కూడా. ఎందుకంటే అదే సమయంలో కోళికోడ్ పక్కన చాలియార్ నది నల్లగా పారుతూనే ఉంది. మావూరులో 1963లో మొదలైన గ్వాలియర్ రేయాన్స్ గుజ్జు ఫ్యాక్టరీకి ప్రభుత్వం ఒప్పందం ప్రకారం టన్ను వెదురు ఒక్క రూపాయికి ఇచ్చేది. మురికి నీరు నదిలోకి వదిలేది ఫ్యాక్టరీ, ఆ నీళ్లు తాగేది ఎదుటి ఒడ్డున వాళక్కాడ్ జనం. సైలెంట్ వ్యాలీలో కలిసొచ్చిన కూటమి ఇక్కడ అంత తేలిగ్గా కలవలేదు. ఫ్యాక్టరీలో వేలమంది పనివాళ్లు, వాళ్లకు సంఘాలు, సంఘాలకు పార్టీలు. 1985 నుంచి మూడేళ్లు ఫ్యాక్టరీ మూతపడితే ఆ ఇళ్లలో ఏమైందో అందరూ చూశారు. ఆకలికి, అప్పులకు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. నది బాగుపడాలని కోరడం పక్కింటి పొయ్యి ఆర్పమనడమే అయినచోట నినాదాలు గొంతులో ఆగుతాయి. వాళక్కాడ్ పంచాయతీకి అధ్యక్షుడిగా పనిచేసిన కె.ఎ. రహ్మాన్ దశాబ్దాల పాటు ఆ పోరు నడిపి, 1999 జనవరిలో కేన్సర్‌తో పోయారు. ఫ్యాక్టరీ 2001లో శాశ్వతంగా మూతపడింది.

ఇసుక సంగతి ఇంకోరకం. గల్ఫ్ డబ్బు ఇళ్లుగా మారుతుంటే ఆ ఇళ్లలోకి భారతపుళ లారీలెక్కి వెళ్ళింది. ఇక్కడ శత్రువు ఒక బోర్డు కాదు, ఒక కంపెనీ కాదు. ఇల్లు కట్టుకునే ప్రతివాడూనూ. రాష్ట్రమంతటా నదీ సమితులు ఒకే గోల పెట్టడానికి ఇసుకే కారణమైంది. పెరియార్ ఒడ్డున ఆలువాలో మొక్కలు నాటిన ప్రొఫెసర్ ఎస్. సీతారామన్ వంటివారు ముందు నిలిచిన అఖిల కేరళ నదీ సంరక్షణ సమితి పేరు బయటికి వినిపించింది ఇలాంటి గొడవల్లోనే. 2001లో నదీ తీరాల పరిరక్షణ, ఇసుక తవ్వకాల నియంత్రణ చట్టం వచ్చింది. దాని కింద రేవు రేవుకూ ‘కడవు’ కమిటీలు ఏర్పడ్డాయి. కడవు అంటే రేవు. నీరు, భూమి, చెట్ల కోసం మన వాల్టా చట్టం ఆ మరుసటి ఏడాదే వచ్చింది, అందులోనూ ఇసుక ఉంది. రెండు చోట్లా చట్టం పుస్తకంలో ఉంటే ఇసుక లారీలో ఉందనే మాట నేను కొట్టిపారేయలేను.

2002 ఏప్రిల్‌లో పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో, కోకా కోలా ఫ్యాక్టరీ గేటు ఎదుట ఆదివాసీలు పందిరి వేసి కూర్చున్నారు. ముందు వరసలో మయిలమ్మ. గొడవ బావుల గురించి, నది గురించి కాదు. కానీ ఆ బావులున్నదీ భారతపుళ పరీవాహకంలోనే. ఆ పందిరి కిందికి రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వచ్చి పోయారు. 2004 మార్చిలో ఫ్యాక్టరీ ఆగింది.

ఇక చాలకుడి. నాకు ఈ చరిత్రలో అన్నింటికన్నా ఇష్టమైన భాగం ఇది, కొంచెం తీరిగ్గా చెబుతాను.

145 కిలోమీటర్ల ఆ నది మీద, దాని ఉపనదుల మీద అప్పటికే ఆరు ఆనకట్టలున్నాయి. కొన్ని పరంబికుళం–ఆళియార్ ఒప్పందం కింద తమిళనాడుకు నీళ్లు పంపేవి, షోలయార్, పొరింగల్‌కుత్తు కేరళ బోర్డువి. అతిరప్పిళ్ళి ఏడోది అవుతుంది. జలపాతం ఎండిపోతుందని గగ్గోలు పెట్టడం తేలిక. టూరిస్టుల కోసం పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాసిని నీళ్లు వదులుతాంలే అని బోర్డు అనడం కూడా తేలికే. రివర్ రీసెర్చ్ సెంటర్ నడిపిన డాక్టర్ లతా అనంత, చాలకుడిపుళ సంరక్షణ సమితి మిత్రులు వేరే చోట వేలు పెట్టారు. జలపాతానికి దిగువన తుంబూర్‌ముళి దగ్గర ఒక చిన్న మళ్ళింపు కట్ట ఉంది. అక్కడి రెండు కాలువల కింద సుమారు 14 వేల హెక్టార్ల సేద్యం. ఆ కట్టకు నీళ్లు నిల్వ చేసుకునే సత్తువ లేదు. ఎగువ నుంచి ఎలా వస్తే అలా కాలువల్లోకి పోవాలి. కొత్త ప్రాజెక్టేమో సాయంత్రం అందరూ లైట్లు వేసే పీక్ వేళ కోసం ఉద్దేశించింది. అంటే పగలంతా నీళ్లు పట్టి ఉంచి ఆ కొద్ది గంటల్లో ఒక్కసారిగా వదలాలి. ఏడాదికి మొత్తం ఎన్ని నీళ్లన్నది బోర్డు చూపించే లెక్క. ఏ గంటకు ఎన్ని నీళ్లన్నది వీళ్లడిగిన లెక్క. పగలు కాలువ గొంతెండి, రాత్రి కట్ట దాటి నీళ్లు సముద్రానికి పోతే ఏడాది మొత్తంతో రైతుకు ఏం పని?

ఆ ప్రశ్నతో, జలపాతాన్ని జన్మలో చూడని కాలువ చివరి రైతు కూడా ఈ గొడవలోకి వచ్చాడు. ఎగువన వాళచ్చాల్ అడవిలో కాడర్ ఆదివాసీలున్నారు. పాత ఆనకట్టలకు చోటిస్తూ అడవిలోనే అటూ ఇటూ జరిగిన జనం. వాళచ్చాల్ ఊరి పెద్ద వి.కె. గీత వాళ్ల తరఫున గట్టిగా మాట్లాడారు. అటవీ హక్కుల చట్టం కింద 2014లో తొమ్మిది కాడర్ ఊళ్లకు సుమారు 400 చదరపు కిలోమీటర్ల మీద సామూహిక హక్కు వచ్చింది. ఇక గ్రామసభ ఒప్పుకోకుండా అడవిని తీసుకోవడం కుదరని పని.

కోర్టు మెట్లు, ప్రజాభిప్రాయ సేకరణలు వేరే నడిచాయి. పద్ధతి పాటించలేదని 2001లో ఒకసారి, 2006లో మళ్ళీ హైకోర్టు అనుమతిని కొట్టేసింది. 2002 ఫిబ్రవరిలో త్రిశ్శూర్‌లో జరిగిన సేకరణలో వచ్చినవాళ్లు ప్రాజెక్టును తూర్పారబట్టారు. సరిగ్గా ఆ ఏళ్లలోనే బోర్డు కుంతిపుళను మళ్ళీ కదిపింది. సైలెంట్ వ్యాలీ హద్దు అవతల పాత్రక్కడవు దగ్గర 70 మెగావాట్లు అంది. ఇరవై ఏళ్ల కిందటి పాత కాపులు, చాలకుడి కొత్త లెక్కలవాళ్లు ఒకే రిపోర్టు చదివి ఒకే హాల్లో అభ్యంతరాలు చెప్పే రోజులొచ్చాయి. 2007లో ఆ ఉద్యానం చుట్టూ సుమారు 148 చదరపు కిలోమీటర్లను రక్షణ మండలంగా చేయడంతో పాత్రక్కడవు పక్కకు పోయింది. అతిరప్పిళ్ళి మాత్రం చచ్చి బతుకుతూ వచ్చింది. 2011లో పడమటి కనుమల మీద వేసిన మాధవ్ గాడ్గిల్ కమిటీ వద్దంది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మళ్ళీ పచ్చజెండా ఊపింది. ఏకాభిప్రాయం లేదు గనక ముందుకు పోవడం లేదని 2021లో విద్యుత్ మంత్రి శాసనసభలో చెప్పారు. లతా అనంత అది వినలేదు. 2017 నవంబరులోనే పోయారు, యాభై దాటీ దాటని వయసులో.

వద్దు అనడానికి కేరళ ఇలా బాగా కలిసింది. కావాలి అనడానికి కలవడమే కష్టం. పంప నదినే చూడండి. శబరిమల వెళ్ళే మన స్వాములు లక్షల్లో అక్కడ మునకలేస్తారు, కొందరు కట్టుబట్టలు నీళ్లలో వదిలేస్తారు. అది ఆచారమేమీ కాదని అక్కడివాళ్లు నెత్తీనోరూ కొట్టుకుంటే చివరికి హైకోర్టు శిక్ష దాకా తెచ్చింది. ఈ మురికికి ఏ బోర్డు మీద కేసు వేయాలి? పంపా పరిరక్షణ సమితి ఏళ్లుగా అడుగుతున్నది అదే.

ఇలాంటి పనుల్లో కూటమి కిందికి, పంచాయతీల దాకా దిగింది. 2016 డిసెంబరులో ప్రభుత్వమే హరిత కేరళం మిషన్ మొదలుపెట్టింది. 2017లో ఆలప్పుళ జిల్లా బుధనూరు పంచాయతీలో, పంపను అచ్చన్‌కోవిల్‌తో కలిపే 12 కిలోమీటర్ల కుట్టెంపేరూర్ నది గుర్రపుడెక్కతో, చెత్తతో పూడిపోయి ఉంటే, ఉపాధి హామీ కూలీలు 700 మంది దిగారు. ఎక్కువమంది ఆడవాళ్లే. నడుం లోతు మురుగులో నిలబడి, ప్లాస్టిక్‌తో అల్లుకుపోయిన వేళ్లను లాగి ఒడ్డుకు చేర్చారు. 70 రోజులకు నీళ్లు కదిలాయి. పక్కనే వరట్టార్‌ది మరో కథ. పంపలో ఇసుక తవ్వేసరికి పెద్ద నది అడుగు లోతుకు దిగిపోయింది, దాని పాయ వరట్టార్ పైన ఎండి మిగిలింది. ఆ పేరునే విరిచి ‘వరట్టె ఆర్’, ‘ఏరు రానీ’ అని పాదయాత్ర చేశారు.

మరుసటి ఏడాది ఆగస్టులో ఏర్లన్నీ పిలవకుండానే వచ్చాయి. 2018 వరదల్లో 400 మందికి పైగా పోయారు. ఇడుక్కి జలాశయం గేట్లు 26 ఏళ్ల తర్వాత ఎత్తారు. చాలకుడి మీది పొరింగల్‌కుత్తు ఆనకట్టను నీళ్లు, దుంగలు పైనుంచే దాటాయి. ఎన్ని నీళ్లు ఎప్పుడు వదులుతారో దిగువవాడికి ముందే తెలియాలన్న పాత డిమాండు అప్పుడు అందరికీ అర్థమైంది. గంటల లెక్క మళ్ళీ వచ్చింది, ఈసారి ప్రాణాల మీదికి.

కోట్టయం జిల్లాలో 78 కిలోమీటర్ల మీనచ్చిల్ నది ఒడ్డున సంరక్షణ సమితివాళ్లు, బడిపిల్లలు ఇప్పుడు వానను కొలుస్తున్నారు. వానమాపకం అంటే పెద్ద యంత్రమేం కాదు. ఒక గరాటు, దాని కింద గీతలున్న సీసా. ఒక మిల్లీమీటరంటే చదరపు మీటరుకు ఒక లీటరు. తీక్కోయి కొండల మీద సీసా ఎంత నిండిందో, ఈరాట్టుపేట వంతెన దగ్గర నీళ్లు ఏ గీత దాకా వచ్చాయో వాట్సాప్‌లో పడుతుంది. దిగువన పాలాలో కొట్టు నడుపుకునేవాడు అది చూసి, కింది అరలోని బియ్యం బస్తాలు పై అరకు ఎక్కిస్తాడు.