పగిలిన పైపు, రెండు బరువులు

1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో కట్టేసి ఉన్న షెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్ ఓడ రెండుగా విరిగింది. తుఫాను లేదు, శత్రువు లేడు; ఉక్కులో పుట్టిన పగులే దాన్ని చీల్చింది. పగులు పెరిగేకొద్దీ బలం ఎలా తగ్గుతుందో ఇంజినీరు గ్రిఫిత్ 1920లోనే గాజు మీద లెక్కగట్టినా, ఉక్కు గాజు కాదు కదా! 1950లలో పరిశోధకుడు ఇర్విన్ ఆ లెక్కను లోహాలకు మలిచాడు. 1968లో పరిశోధకుడు రైస్ చెప్పిన జె-ఇంటెగ్రల్ అనే లెక్కతో బాగా సాగి విరిగే ఉక్కుకూ కొలమానం దొరికింది.

ఆ కొలతలు మాత్రం చాలావరకు చిన్న ముక్కలను ఒకే తీరున లాగి, వంచి తీసినవి. పైపు సంగతి వేరు. లోపలి ఒత్తిడి దాని గోడను చుట్టూ లాగుతుంది. అందులో సగం బలంతో పొడవునా లాగుతుంది. ఆపైన సొంత బరువు, వేడి, భూకంపం తెచ్చే వంపు.

గ్యాస్ లైన్లలో ముందుగా భయపెట్టింది పొడవునా ఉండే పగులు. ఒత్తిడికి దాని అంచులు ఉబ్బి మరింత తెరుచుకుంటాయని 1960లలో పరిశోధకుడు ఫోలియాస్ లెక్కతేల్చాడు. అమెరికాలోని బ్యాటెల్ పరిశోధన సంస్థలో మ్యాక్సీ, కీఫ్నర్ బృందం అసలు పైపులనే పేల్చి చూసింది. అణు కేంద్రాలవారి బెంగ చుట్టుకొలత వెంట ఉండే పగులు మీద. పైపు విరగడానికి ముందే కారి హెచ్చరిస్తుందా అన్నది వారి ప్రశ్న. 1980లలో బ్యాటెల్‌లోనే, ఒత్తిడి పెట్టి మరీ పైపులను వంచారు.

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది నార్వే పరిశోధకులు 2000ల తర్వాత సముద్రగర్భ పైపుల మీద చేసిన పని. చుట్టు పగులును తెరిచేది పొడవునా లాగే బలమే కాబట్టి, చుట్టూ లాగే బలంతో పనేముందని ఎవరైనా అనుకుంటారు. పరీక్షలు కాదన్నాయి. ఒత్తిడి ఉన్న పైపు, అదే పగులుతో, చాలా తక్కువ సాగుడుకే లొంగిపోయింది. రెండు దిశల్లో లాగినప్పుడు పగులు ముందున్న ఉక్కులో వికృతి ఒకచోటే గుమిగూడి, పగులు నోరు త్వరగా తెరుచుకుంటుంది.

మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం, చెన్నైలోని స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం కలిసి పగుళ్లున్న పైపులనూ ఎల్బోలనూ (వంపు ముక్కలనూ) విరిచి చూశాయి. ఎల్బో దగ్గర కథ తిరగబడవచ్చు: వంచినప్పుడు దాని గుండ్రదనం చెడకుండా లోపలి ఒత్తిడి కొంతవరకు కాపాడుతుంది. అందుకే ఒత్తిడి పైపుకు మేలా కీడా అని అడిగితే, ఆకారమూ పగులు దిశా తెలియకుండా ఏ ఇంజినీరూ జవాబు చెప్పకూడదు.