తోలుబొమ్మ నుండి అట్టబొమ్మ వరకు

తెలుగులో బొమ్మ అనే మాట చిన్నదే గాని, అది మోసే అర్థాలు చాలా ఉన్నవి. పసిపిల్ల చంకన పెట్టుకొనేది బొమ్మ. పుస్తకంలో గీసినది బొమ్మ. తెర మీద ఆడేది కూడ బొమ్మే. మన పిల్లలకు తెలుగు మాట ఎట్లా అందించాలి అని ఆలోచించే మనము, ఈ బొమ్మల చరిత్రను ఒకసారి తలచుకొనడం మంచిది.

మారిషస్ దీవిలో మన పూర్వులను కోరంగివారు అని పిలిచినారు. గోదావరి సముద్రంలో కలిసే చోటి కోరంగి రేవును బట్టి వచ్చిన పేరు అది. 1843లో కోరంగి పాకెట్ అనే ఓడ తెలుగు కూలీలను ఇక్కడకు తెచ్చినది. ఆ రేవుకు కాకినాడ ఎంతో దూరం కాదు. కాకినాడ సమీపాన ఉన్న మాధవపట్నం తోలుబొమ్మల కళాకారుల ఊరుగా పేరు పొందినది. అటువంటి సీమ నుండి వచ్చిన మన పెద్దలలో కొందరైనా తోలుబొమ్మలాట చూచి ఉంటారనుకొనుటలో తప్పు లేదు.

మేకతోలునో గొర్రెతోలునో శుభ్రం చేసి, వెలుగు దూరేటంత పలుచగా గీకుతారు. నగలు ఉండవలసిన చోట సన్నని రంధ్రాలు పొడిచి, రెండు వైపులా రంగులు వేస్తారు. చేతులను విడిగా చేసి దారంతో ముడివేస్తారు. నడుమ ఒక బద్ద కడతారు. తెల్లని తెర, దాని వెనుక దీపం. కొన్ని బొమ్మలు మనిషి ఎత్తు ఉంటాయి. రామాయణ భారత కథల నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి జనాన్ని నవ్విస్తారు.

ఈ ఆట మన దీవిలో నిలవలేదు. ఎందుకు? బొమ్మలాటకు ఒక కుటుంబమంతా కావాలి, పెట్టెడు బొమ్మలు కావాలి, పిలిచి ఆడించుకొనే ఊళ్ళు కావాలి. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే తోటలలో వీటికి వీలెక్కడిది? కాని రామభజనం నిలిచినది. దీపం చుట్టూ తిరుగుతూ పాడే ఆ పాటకు పెట్టె అక్కరలేదు, గొంతు చాలు. మన పెద్దలు రాముని కథను గొంతులో పెట్టుకొని వచ్చినారు.

అయితే ఇక్కడే మన బాధ కూడ ఉన్నది. పాట నిలిచినది గాని ఇంటిలో మాట నిలవలేదు. రాత్రంతా భజన పాడిన తాతగారు తెల్లవారి మనుమరాలితో క్రియోల్‌లోనే మాట్లాడుతారు. బడులలో తెలుగు ఉన్నది. 1970లో మహాత్మా గాంధీ సంస్థ ఏర్పడినది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మన దీవిలోనే జరిగినవి. ఇవి మనకు గర్వకారణములే. కాని పరీక్షలో మార్కులు తెచ్చుకొన్న పిల్ల నాయనమ్మను నీళ్ళు అడగడానికి సిగ్గుపడితే, ఆ తెలుగు నోటు పుస్తకం దాటనట్లే.

అందుకే చిన్న పిల్లల తరగతిలో మేము అట్టబొమ్మలు మొదలుపెట్టినాము. పాత అట్టపెట్టె, కత్తెర, దారం, ఒక పుల్ల. పాత దుప్పటి తెర, వెనుక చేతిదీపం. ఎన్ని వారాలు అడిగినా నోరు విప్పని ఒక పిల్లవాడు, తెర వెనుక కూర్చొని తన కోతిబొమ్మ చేత “నాకు ఆకలి!” అని అరిపించినాడు. తప్పు పలికితే అది కోతి తప్పు గాని తనది కాదు. సిగ్గు పోవడానికి అంతకన్న ఏమి కావాలి?

బొమ్మల పుస్తకమూ అటువంటిదే. 1947లో మద్రాసులో పుట్టిన చందమామ తరతరాల పిల్లలను మొదట బొమ్మలతోనే లోపలికి పిలిచినది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని, చదవడానికి ముందు బొమ్మ చూపించి, “ఇది ఎవరు? ఏమి చేస్తున్నాడు?” అని అడగండి. ఒక్క మాటలో జవాబు వచ్చినా చాలు. మీకు తెలుగు అంతంతమాత్రమే వచ్చినా వెనుకాడవద్దు, పిల్లతో కలిసి నేర్చుకోండి.

గొంతులో దాచుకొన్నది మన పెద్దలు మనకు ఇచ్చినారు. వారు చేత పట్టుకొని రాలేకపోయినదాన్ని మనము మన చేతులతో చేసి పిల్లలకు ఇద్దాము. ఈ ఆదివారం ఇంటిలో ఒక అట్ట కత్తిరించండి.