నీటి క్యాన్ నుంచి ఇంటి వడపోతకు

ఉద్దానానికి దక్షిణాన ఉన్న నరసన్నపేటలోనూ నీటి క్యాన్ మీద నమ్మకాన్ని పెంచినది అక్కడి కిడ్నీ వ్యాధి వార్తలేనని నా అభిప్రాయం. ఆ వ్యాధికి నీరే కారణమని నేటికీ నిర్ధారణ కాలేదు. భయం మాత్రం నీటి మీదే నిలిచింది. 2014 అక్టోబరు 2న మొదలైన ఎన్టీఆర్ సుజల పథకం 20 లీటర్లను 2 రూపాయలకే అందించి, క్యాన్‌ను పల్లెలకూ అలవాటు చేసింది.

ఇప్పుడు క్యాన్ మాని ఇంట్లోనే ఫిల్టరు పెట్టుకొనేవారు కొత్తదారి తొక్కడం లేదు. మన పూర్వులు చిల్లగింజను అరగదీసి బురదనీటిని తేర్చుకొనేవారు. మట్టి అడుగుకు పేరుకొనేది గాని సూక్ష్మజీవులన్నీ పోయేవి కావు. వడపోత విలువను లోకానికి చాటినది 1892 నాటి హాంబుర్గ్ కలరా. ఎల్బే నదినీటిని వడకట్టకుండా పంచిన ఆ నగరంలో 8,000 మందికి పైగా మరణించారు. దిగువన అదే నీటిని ఇసుకపొరలలో వడకట్టి పంచిన ఆల్టోనా చాలావరకు తప్పించుకొంది. అదే కాలంలో జర్మనీలో వచ్చిన బెర్క్‌ఫెల్డ్ క్యాండిల్ సంతతే మన స్టీలు ఫిల్టరులోని క్యాండిల్.

ఆర్.ఓ. పుట్టుక వేరు. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియాలో లోబ్, సౌరిరాజన్‌లు ఆ పొరను తయారుచేసినది సముద్రపు ఉప్పును తీయడానికి. కనుక యంత్రం కొనేముందు నీటిని పరీక్ష చేయించాలి. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటని నదినీటికి సాధారణంగా ఆర్.ఓ. అక్కరలేదు, క్యాండిల్‌తో వడకట్టి కాచుకుంటే చాలు. బోరునీరైతే ఫ్లోరైడ్ కూడా చూపించండి. అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే క్యాండిల్ గాని, కాచడం గాని దానిని తీయలేవు.