ఉద్దానం మూత్రపిండ వ్యాధి - టెస్టోస్టిరాన్, గుండె జబ్బు

ఉద్దానం శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలలో విస్తరించిన తీరప్రాంతము. కొబ్బరి, జీడి తోటలకు పేరుపొందిన ఈ ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎక్కువ. మధుమేహం లేనివారికి కూడా ఇది సోకుతున్నది. కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి.

మూత్రపిండాలు దెబ్బతిన్నవారి మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే ముఖ్య కారణం. ఈ వ్యాధిగల పురుషులలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను కూడా తరచు తగ్గిపోతుంది. పీయూష గ్రంథి నుండి వృషణాలకు అందే సంకేతాలు క్రమం తప్పడం, ప్రొలాక్టిన్ పెరగడం ఇందుకు కారణాలు. ఫలితంగా కండరాలు క్షీణిస్తాయి, రక్తహీనత ముదురుతుంది. హార్మోను తక్కువగా ఉన్న రోగులలో మరణాలు ఎక్కువని పరిశీలనలలో తేలింది. అయితే లోపమే గుండెను దెబ్బతీస్తున్నదా, లేక అది జబ్బు తీవ్రతకు గుర్తు మాత్రమేనా అన్నది వేరే ప్రశ్న.

హార్మోను ఇస్తే సరిపోతుందనుకోవడం తొందరపాటే. 2023లో వెలువడిన ట్రావర్స్ అధ్యయనంలో, గుండె జబ్బు ఉన్న లేదా దాని ముప్పు అధికంగా ఉన్న 5 వేలకు పైగా పురుషులను పరీక్షించారు. టెస్టోస్టిరాన్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. కాని గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల రక్తనాళాలలో గడ్డలు, మూత్రపిండాలకు ఆకస్మిక హాని కొంత ఎక్కువగా కనిపించాయి. ఉద్దానం రోగులకు ఈ చివరిది ముఖ్యమైన హెచ్చరిక.