తాడు మీ చేతిలో ఉంది

పొద్దున్న ఏడున్నర. డాలస్‌కి ఉత్తరాన లూయిస్‌విల్ లేక్ ఒడ్డున పార్కింగ్‌లో నిలబడి ఉన్నారు మీరు. నిద్ర ఇంకా పూర్తిగా వదల్లేదు, చేతిలో కాఫీ. నేను మీకు చెప్పే మొదటి మాట: పైకి చూడండి. కరెంటు తీగలేమన్నా ఉన్నాయా?

లేవు. అయినా ఇక్కణ్ణుంచి నీళ్లదాకా పోయే దారంతా ఇంకోసారి చూడండి. ట్రైలర్ మీద పడుకోబెట్టిన కొయ్య పొడవు 25 అడుగులు. అది అల్యూమినియం గొట్టమే, అయినా నా నోటికి కొయ్య అనే వస్తుంది. దాన్ని పడవ మీద నిలబెడితే నేల నుంచి 30 అడుగులకు పైమాటే. నీళ్లలో ఏమైపోతానో అని మా ఆవిడ భయం. నా భయమంతా ఈ తీగలతోనే.

పడవ కాటలినా 22. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ బట్లర్ 1969లో మొదలుపెట్టిన మోడల్, ఇప్పటికి 15,000కు పైగా తయారయ్యాయి. మామూలు ఉద్యోగస్తుడు పికప్ వెనక తగిలించుకుని చెరువుకు తీసుకుపోగల పడవ అన్నమాట. అలాగని తేలిక కాదు. హుసేన్ సాగర్‌లో లేజర్ పడవని ఇద్దరు కుర్రాళ్లు చిన్న తోపుడుబండి మీద చేత్తోనే నీళ్లలోకి దించేస్తారు, కొయ్యా తెరచాపా తీసేస్తే అది 60 కిలోలు కూడా ఉండదు. ఇది 1,000 కిలోలు దాటుతుంది. అందులో పావు వంతు, అంటే 250 కిలోలు, కింద వేలాడే ఇనప కీల్‌దే. కాఫీ పక్కన పెట్టండి.

కొయ్య లేపుదాం. నేను పడవలో నిలబడి భుజంతో పైకి తోస్తాను. మా బావమరిది ముందు నుంచి కొయ్యకి కట్టిన తీగ పట్టి లాగుతాడు. కొయ్యని నిలిపే పక్క తీగలు ఎక్కడా తగులుకోకుండా చూడటం మీ పని. లేస్తోంది... సగం లేచింది... నా మోకాళ్లు వణుకుతున్నాయి.

“ఆగండాగండి!” మీరే అరిచారు.

మంచి పని చేశారు. ఎడమవైపు తీగ అడుగున దాన్ని బిగించే టర్న్‌బకిల్ ఉంది చూడండి, పడుకున్నది పడుకున్నట్టే అడ్డం తిరిగి ఇరుక్కుంది. అలాగే లాగేస్తే మర వంగిపోతుంది. ఇవాళ వంగింది ఇంకో రోజు గాలిలో విరుగుతుంది, కొయ్య నెత్తిన పడుతుంది. రెండు వేళ్లతో దాన్ని నిటారుగా తిప్పండి. అంతే. ఇప్పుడు కొయ్య నిలబడింది. ముందు తీగకి పిన్ను దూర్చి, పిన్ను జారకుండా చిన్న రింగు వేసేవరకూ మా వాడు తీగ వదలడు. నేను ఊపిరి వదలను.

ఇదంతా ముక్కాలు గంట పట్టింది. పట్టనివ్వండి. హైవే మీద వచ్చిన ట్రైలర్ చక్రాల బేరింగులు ఈలోగా చల్లారతాయి. వేడి మీదే నీళ్లలో ముంచితే లోపలికి నీళ్లు పీల్చుకుంటాయి, గ్రీజు పాడైపోతుంది.

వెనక పట్టీలు విప్పాను, మీరూ చూశారు కదా? ఒకసారి విప్పడం మరిచిపోయి ట్రైలర్‌ని నీళ్లలోకి దించాం. పడవతో పాటు ట్రైలర్ తోక కూడా తేలడం మొదలుపెట్టింది. వెనక క్యూలో ఉన్న మోటారు బోటు కుటుంబం సెల్‌ఫోన్లు తీసింది. ముందువైపు పడవని లాగి పట్టే వించ్ పట్టీ మాత్రం నీళ్ల దగ్గరికి చేరేదాకా విప్పకూడదు. ఈ వాలు మీద అది విప్పితే పడవ కాంక్రీటు మీద కూర్చుంటుంది.

ఇప్పుడు రివర్సు. బావమరిది స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టాడు. అక్కడ పట్టుకుంటే చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ అటే పోతుంది. రైతు కొడుకు, ట్రాక్టరు తొట్టిని కళ్లం దాకా వెనక్కి తోలినవాడు, వాడికి ఇవేమీ చెప్పక్కర్లేదు. నేను మాత్రం అలవాటు కొద్దీ లారీ క్లీనర్నైపోతాను.

“రానీ... రానీ... లెఫ్ట్ కొట్టరా... రానీ...”

“ఇంకానా బావా? వెనక చక్రాలు తడుస్తున్నాయి!”

“రానీ... హోల్డాన్!”

పక్క ర్యాంపులో అమెరికన్ ముసలాయన నవ్వుతున్నాడు. హోల్డాన్ ఆయనకీ అర్థమైంది మరి.

మీరు డాక్ మీద ఉన్నారు. పడవ ముందు నుంచి వచ్చిన తాడు మీ చేతిలో ఉంది. మన తీరంలో జాలర్లు పడవ ముందుభాగాన్ని అణియం అంటారు, వెనకభాగాన్ని అమరం అంటారు. మొదట అమరం లేస్తుంది. అదుగో, బరువు తగ్గి ట్రైలర్ కిర్రుమంది. వించ్ పట్టీ తీశాను. తోస్తున్నాను. పడవ ట్రైలర్ మీది కార్పెట్ చెక్కల్ని వదిలి చప్పుడు లేకుండా వెనక్కి జారిపోతోంది, తాడు మీ వేళ్ల మధ్య నుంచి పరిగెడుతోంది. చేతికి చుట్టుకోకండి! డాక్ మీద తాడు కట్టే క్లీటుకి ఒక్క చుట్టు వెయ్యండి. 1,000 కిలోలని మీ భుజం ఆపలేదు, ఆ ఒక్క చుట్టు ఆపుతుంది. ఆగింది చూశారా.

చెరువులో గడిపిన మూడు గంటల గురించి ఎక్కువ చెప్పను. కీల్ దించాం, తెరచాప ఎత్తాం, దక్షిణపు గాలి పట్టింది. కీల్‌ని మోసే తీగ పడవ అడుగున తంబూరాలా మోగింది. మీ మొహం ఎండకి కమిలింది.

అసలు పరీక్ష ఇప్పుడు. పొద్దున్న లేని గాలి మధ్యాహ్నం ర్యాంపుకి అడ్డంగా కొడుతోంది. క్యూలో జెట్ స్కీలు, మోటారు బోట్లు. ఎవడో హారన్ కొట్టాడు. మీరు తొందరపడకండి. కీల్ పూర్తిగా పైకి చుట్టానా? చుట్టాను. మళ్లీ అడగండి. కొంచెం కిందికి ఉన్నా ట్రైలర్‌కి గుద్దుకుంటుంది. చుక్కాని ఎత్తామా? ఎత్తాం.

ట్రైలర్ నీళ్లలో మునిగి ఉంది, రెండు తెల్ల గొట్టాలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. వాటి మధ్యకి పడవ రావాలి. మరీ లోతుకు దించితే పడవ దేనికీ ఆనక తేలుతూ ఉంటుంది, గాలి అమరాన్ని పక్కకి నెట్టేస్తుంది. అందుకే అమరం తాడు మీకిచ్చాను. ఇంజన్ జోరు పెట్టి ఎక్కించేవాళ్లూ ఉన్నారు. ఆ ప్రొపెల్లరు నీళ్ల ధాటికి ర్యాంపు చివర మట్టి కోసుకుపోయి గొయ్యి పడుతుంది. ఆ గోతిలో ట్రైలర్ చక్రం పడితే కాంక్రీటు అంచు తట్టుకుని పైకి రాదు. మనం చేత్తో లాగి, వించ్‌తో చుట్టుదాం. లాగండి... వదలండి... కొంచెం లాగి పట్టండి. వించ్ టకటకమంటోంది. అణియం రబ్బరు దిమ్మకి తగిలింది.

“పోనీరా!”

పికప్ మూలిగింది. పడవ నీళ్లు కారుస్తూ పైకి వచ్చేసింది. వంకరగా కూర్చోలేదు, నేను వంగి రెండువైపులా చూశాను.

ఇప్పుడు కొయ్య దించాలి, దానికి ముందు మళ్లీ పైకి చూడాలి. ఆ తరవాత పడవలో, ఇంజన్‌లో నిలిచిన నీళ్లన్నీ ఇక్కడే వదిలెయ్యాలి. ఇది టెక్సాస్ చట్టం. 2009లో టెక్సోమా చెరువులో జీబ్రా మసెల్స్ బయటపడ్డాయి. గోరంత చారల ఆల్చిప్పలు, పిల్ల పురుగులైతే కంటికే ఆనవు. పడవల్లో మిగిలిన నీళ్లతో ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పాకుతూ పోయాయి, ఈ లూయిస్‌విల్‌కీ వచ్చేశాయి. మంచినీళ్ల పైపుల్లో గుత్తులుగా పట్టుకుంటే గీకినా ఓ పట్టాన ఊడవు. గుడ్డ తీసుకోండి, ట్రైలర్ చెక్కల కింద తుడవండి. ఆ నాచు పోగు కూడా తీసెయ్యండి.

మీ ప్యాంటు మోకాలు దగ్గర చిరిగింది. ర్యాంపు మీద పాచికి జారినట్టున్నారు, చెప్పనేలేదు. వచ్చే శనివారం మళ్లీ వెళ్తున్నాం. వస్తే, అడుగు పట్టే పాత బూట్లు వేసుకుని రండి.