కిన్నెర, బ్యాంజో: రెండు సొరబుర్రల కథ

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి ఇవ్వవలసిందని కార్యదర్శిగారు అడిగారు. రాజుల గురించీ కోటల గురించీ రాయగల పండితులు మన సభ్యులలోనే ఉన్నారు కనుక ఆ జోలికి నేను పోదలచుకోలేదు. ముప్పయ్యారేళ్లు దస్త్రాల మధ్య గడిపినవాణ్ణి. దస్త్రానికి ఎక్కని సంగతి ఎలా నిలుస్తుంది, ఎలా పోతుంది అన్నదే నాకు ఎప్పుడూ ఆసక్తి. అలా సరిగా దస్త్రానికి ఎక్కనివాటిలో కిన్నెర ఒకటి.

ఈ తరం పిల్లలకు కిన్నెర అంటే తెలియకపోవచ్చు. పొడుగాటి వెదురు దండికి సొరబుర్రలు కట్టి, దానిమీద మెట్లు అమర్చి, తీగలు బిగించిన వాద్యం అది. మెట్లను తేనెమైనంతో నిలబెడతారు. మన వీణకున్న 24 మెట్లు కూడా మైనంలోనే కూర్చుంటాయి. ఆ విధంగా చూస్తే కచేరీ వీణకూ ఊరి కిన్నెరకూ చుట్టరికం ఉన్నట్టే. కానీ వీణను పట్టుచీర కట్టుకున్న ఇల్లాలి ఒడిలో ఊహించుకునే మనం కిన్నెరను గుమ్మం బయటే నిలబెట్టాము. తెలంగాణలో దాన్ని కాపాడినవారు డక్కలివారు. మాదిగవారికి జాంబపురాణం వినిపిస్తూ వారినే ఆశ్రయించి బతికిన కులం అది. పాత వాద్యమే సుమా! పదమూడవ శతాబ్దినాటి పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నెర బ్రహ్మయ్య కథ ఉంది.

నేను దీన్ని మొదటిసారి విన్నది 1974లో. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఎల్.డి.సి.గా ఉన్నాను. జమాబందీ క్యాంపుకు అచ్చంపేట తాలూకాలో ఒక ఊరికి వెళ్లాము. పహాణీలు సరిచూసి లాంతరు వెలుగులో భోజనాలు ముగించాక ఒక పెద్దాయన వచ్చి చావడి మెట్లమీద కాదు, కింద నేలమీద కూర్చున్నాడు. పాడబోయే ముందు ఒక మెట్టు చుట్టూ మైనాన్ని బొటనవేలితో అదుముతున్నాడు. ఎందుకని అడిగితే, "ఎండకు మైనం మెత్తబడితే మెట్టు జరుగుతది సారూ, మల్ల చెవితోనే సరిజేసుకోవాలె" అన్నాడు. అంటే ఆ వాద్యానికి కొలతల పట్టీ లేదు. అది ఆయన చెవిలోనే ఉంది. ఆ మాట నాకు ఇన్నేళ్లూ గుర్తుండిపోయింది.

ఆ రాత్రి ఆయన పాడింది పండుగ సాయన్న కథ. పందొమ్మిదవ శతాబ్ది చివరి కాలంలో ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచాడని పాలమూరు జనం చెప్పుకొనే వీరుడాయన. ఇలాంటివారి విషయంలో సర్కారు రాత ఒకటి, జనం పాట ఒకటి. సర్వాయి పాపన్న సంగతి చూడండి. 1710లో మొగలాయి అధికారులు చంపించిన ఆయన ఖాఫీఖాన్ రాసిన చరిత్రలో దోపిడీదారు. పాటలో కోటలు గెలిచిన మొనగాడు. ఆయన మీది పాటను 1874లోనే బాయిల్ అనే దొర "ఇండియన్ యాంటిక్వెరీ" పత్రికలో అచ్చు వేయించాడు. చరిత్ర రాసేవారికి రెండూ కావాలి. దస్త్రం చేతికి దొరుకుతుంది. పాట పాడేవాడు బతికి ఉంటేనే దొరుకుతుంది.

మన పెద్దలు పాటలను పట్టించుకోలేదని అనలేము. నేదునూరి గంగాధరంగారు ఊరూరా తిరిగి పోగుచేసి "మిన్నేరు", "సెలయేరు" వంటి సంకలనాలు వేశారు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారి పరిశోధన "తెలుగు జానపద గేయ సాహిత్యము" పేర 1958లో పుస్తకమై జానపదానికి విశ్వవిద్యాలయంలో కుర్చీ వేయించింది. వింజమూరి అనసూయ, సీత సోదరీమణులు పొలంగట్ల పాటలను వేదికమీదికీ రేడియోలోకీ తెచ్చారు. అయితే నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. మన సేకరణలలో ఎక్కువ భాగం సాహిత్యమే; అక్షరం దక్కింది, వరస దక్కలేదు. వాద్యం సంగతి అంతకన్నా తక్కువ. పుస్తకం తెరిచి పాట చదవవచ్చు గాని, ఏ మెట్టు ఎక్కడ ఉండాలో పుస్తకం చెప్పదు.

ఈ విషయం నాకు బాగా తలకెక్కింది అమెరికాలో. 2014లో మా పెద్దమ్మాయి ఇంట్లో, ఉత్తర కరోలినాలో, ఆరు నెలలు ఉన్నాము. అక్కడి గ్రంథాలయంలో ఒక సాయంత్రం పాతకాలపు బ్యాంజో సంగీతం పెట్టారు. బ్యాంజో అనగానే మన పెళ్లి ఊరేగింపులలో టకటకమంటూ మీటలు నొక్కి వాయించేది గుర్తుకు వస్తుంది. అది వేరు. దాని అసలు పేరు బుల్‌బుల్ తరంగ్. 1912లో జపానులో టైపురైటరు మీటలను తీగవాద్యానికి తగిలించి చేసినదానికి చెల్లెలు. (టైపు పరీక్ష హయ్యరు రెండుసార్లు రాసినవాణ్ణి కనుక ఆ వాద్యం మీద నాకు ప్రత్యేకాభిమానం.) అమెరికా బ్యాంజో మాత్రం బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావారి వెంట వచ్చింది. మొదట్లో అదీ సొరబుర్రకు తోలు మూసి, కర్ర గుచ్చి, తీగలు కట్టినదే! ఆ మాట వినగానే నేను అచ్చంపేట చావడికి వెళ్లిపోయాను.

తరువాతి కథ కూడా మనకు తెలిసినట్టే ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్దిలో తెల్లవారు ముఖానికి మసి పూసుకుని నల్లవారిని వెక్కిరిస్తూ బ్యాంజోతో ఆటలు కట్టారు. ఆ అవమానం వల్ల, కొత్త రకాల సంగీతం రావడం వల్ల నల్లవారి పిల్లలు దాన్ని క్రమంగా వదిలేశారు. చివరకు అది తెల్లవారి కొండప్రాంతపు వాద్యమనే పేరు స్థిరపడింది. అక్కడి ప్రభుత్వ గ్రంథాలయం 1928 నుంచే జానపద గీతాల భాండాగారం నడుపుతున్నది. 1952లో ఫోక్‌వేస్ కంపెనీ 84 పాత పాటలను కలిపి గ్రామఫోను రికార్డులుగా తెచ్చింది. రికార్డుకు కొరత లేదన్నమాట. అయినా 2005లో ఆ రాష్ట్రంలోనే బూన్ అనే ఊళ్లో నల్లజాతి బ్యాంజో కళాకారుల సమావేశం జరిగాక ముగ్గురు యువకళాకారులు ఏం చేశారంటే, జో థాంప్సన్ అనే 86 ఏళ్ల ఫిడేలు వాద్యకారుడి ఇంటికి వారం వారం వెళ్లి ఎదురుగా కూర్చుని నేర్చుకున్నారు. వారి బృందానికి 2011లో గ్రామీ బహుమతి వచ్చింది. థాంప్సన్ మరుసటి సంవత్సరం కన్నుమూశాడు. తాతల కాలంలో సిగ్గుపడి వదిలిన వాద్యాన్ని మనుమలు తలెత్తుకుని అందుకున్నారు. అందుకోవడానికి ఒక్క ముసలాయన మిగిలి ఉండబట్టి సరిపోయింది.

మనకూ మిగిలినవారున్నారు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారు 12 మెట్ల కిన్నెర వాయిస్తారు. ఆయన గురించి తెలంగాణ ఎనిమిదవ తరగతి పాఠ్యపుస్తకంలో పెట్టారు. 2021లో "భీమ్లా నాయక్" సినిమా పాటలో ఆయన గొంతు వినిపించి, మా మనుమడు కూడా కిన్నెర అంటే ఏమిటని అడిగాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అటుతరువాత 2024లో ఆయన హైదరాబాదు శివారులో కట్టడం పనికి కూలీగా వెళుతున్నట్టు పత్రికలలో వచ్చింది. ఆ ఏడే నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ వాద్యకారుడు దాసరి కొండప్పగారికి పద్మశ్రీ ప్రకటించారు. సంతోషమే. బిరుదు కళాకారుడికి గౌరవం. కానీ మైనం అదమడం నేర్చుకునే పిల్లవాడికి బిరుదు అన్నం పెట్టదు. ఒకప్పుడు ఆశ్రయమిచ్చిన ఇళ్లవారు పంట కల్లం మీద గింజలు కొలిచి ఇచ్చేవారు. ఆ ఏర్పాటులో కులపు కించ ఉంది, అది పోవలసిందే. అయితే దాని స్థానంలో మరో జీతభత్యం రాలేదు. కిన్నెర పట్టుకుని బయలుదేరితే అడుక్కోవడానికి వచ్చాడంటారేమోనని ఆ ఇంటి కుర్రవాడు భయపడితే తప్పు ఆ కుర్రవాడిది కాదు.

ఈ వ్యాసం రాస్తూనే మన కార్యవర్గానికి ఒక అర్జీ పెట్టుకున్నాను. శ్రీనగర్ కాలనీలో జరిగే మన వార్షిక సమావేశానికి ఏటా సినిమా పాటల ఆర్కెస్ట్రాను పిలుస్తున్నాము. ఈసారి కిన్నెర కళాకారుణ్ణి పిలిచి, వేదికమీద కుర్చీ వేసి, పది నిమిషాలు కాకుండా ఒక కథ మొత్తం విందాము. ఆర్కెస్ట్రాకు ఇచ్చే మొత్తమే ఇవ్వాలి, రానుపోను ఖర్చులు వేరుగా. ఆయన వెంట నేర్చుకునే పిల్లలెవరైనా వస్తే వారికి కూడా.

మరొక మనవి. మన సభ్యుల ఇళ్లలో అమ్మలు, అమ్మమ్మలు పాడిన మంగళహారతులు, ఊడ్పుల పాటలు పాత క్యాసెట్లలో ఉండే ఉంటాయి. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం గుర్తున్నంత మటుకు కాగితంమీద రాసి డబ్బాలో పెట్టండి. చాలాకాలం మూలపడిన క్యాసెట్టును మాత్రం తొందరపడి యంత్రంలో వేయకండి. టేపు అతుక్కుని ఉంటే తెగిపోతుంది. ముందు తెలిసినవారికి చూపించండి.