జాబితాకెక్కని సమాధులు: వికారాబాద్, తాండూరు సమాధుల తోటలపై ఒక పరిశీలన

మకావులోని పాత ప్రొటెస్టంట్ శ్మశానం 1821లో ఒక నిషేధం వల్ల పుట్టింది. పోర్చుగీసు కాథలిక్కుల ఏలుబడిలోని ఆ ఊళ్లో ప్రొటెస్టంట్ల శవాలకు చోటు లేదు. మిషనరీ రాబర్ట్ మారిసన్ భార్య మేరీ చనిపోయాక ఈస్టిండియా కంపెనీ స్థలం కొనాల్సి వచ్చింది. తెలుగు నేలపై ఆ ఇబ్బంది రాలేదు. 17వ శతాబ్దిలోనే బందరులో డచ్చి వర్తకులు తమవారిని పాతిపెట్టి, రాళ్లపై వంశచిహ్నాలు చెక్కించారు.

వికారాబాద్, తాండూరులది మరో దారి. ఇవి నిజాం రాజ్యంలోని ఊళ్లు. కోట లేదు, కంపెనీ దొరతనమూ లేదు. 1874లో సికింద్రాబాద్–వాడి రైలు మార్గం పడింది. ఆ మార్గం మీది వికారాబాద్ తరవాతి కాలంలో అమెరికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ మిషన్‌కు ముఖ్య కేంద్రమైంది. కాబట్టి ఇక్కడి సమాధుల తోటలను వలస నగరపు శ్మశానాల కొలతతో కొలవకూడదు. వీటిలో నిద్రించేవారిలో ఎక్కువమంది తెలుగు క్రైస్తవులే, అందులోనూ దళిత కుటుంబాలవారే. దొరల సమాధుల కోసం వచ్చే పరిశోధకుడికి ఇక్కడ దొరికేది తక్కువ. ఆ నిరాశ కూడా పరిశీలించదగ్గదే అని నా అభిప్రాయం.

ఎందుకంటే మనకున్న జాబితాలు ఆ చూపుతోనే తయారయ్యాయి. మద్రాసు ప్రెసిడెన్సీ సమాధి శాసనాలను జె.జె. కాటన్ 1905లో అచ్చువేయించాడు. నిజాం రాజ్యానికి ఓ.ఎస్. క్రాఫ్టన్ 1941లో అదే పని చేశాడు, జీవిత విశేషాలతో సహా. రెండూ విలువైనవే. అయితే వాటి శ్రద్ధంతా ఐరోపా వారి మీదే: అధికారులు, సైనికులు, వారి భార్యాబిడ్డలు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన తెలుగు ఉపదేశకుడికి, బైబిలు స్త్రీకి అలాంటి జాబితా ఎవరూ వేయలేదు.

సంఘాల చరిత్ర కూడా వెతుకులాటను చిక్కు చేస్తుంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదక్ వైపు బ్రిటిష్ వెస్లియన్ సంఘాలు అందులో కలిశాయి. వికారాబాద్ వైపు అమెరికన్ మెథడిస్టులు కలవలేదు. వారి సంఘమే 1981లో స్వతంత్ర భారత మెథడిస్టు సంఘంగా మారింది. పొరుగునే ఉన్నా, మెదక్ కాగితాలు ఒక గడపలో, వికారాబాద్ కాగితాలు మరో గడపలో అడగాలి. సమాధుల మీద ఆసక్తి ఉన్నవారు ఈ తేడా తెలియక చాలా తిరుగుతారు.

ఇక రాయి సంగతి. ఈ ప్రాంతంలో చేతికందే రాయి తాండూరు నాపరాయి. పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి కనుక బల్లపరుపుగా చీలుతుంది, పనివాడికి సులువు. ఆ గుణమే శాసనానికి శత్రువు. నీరు పొరల మధ్య దిగిందంటే పై పొర లేచిపోతుంది, దానితో పాటే అక్షరాలూ పోతాయి. మామూలు కుటుంబాల సమాధులకు ఆ రాయి కూడా ఉండకపోవచ్చు. ఇటుక కట్టి, సిమెంటు పూసి, పచ్చిగా ఉండగానే మేకుతో పేరు గీస్తారు.

మరో చిక్కు ప్రేమ వల్ల వచ్చేది. ఈస్టరుకు ముందు కుటుంబాలు వచ్చి గడ్డి పీకి, సమాధులకు సున్నం వేస్తాయి. పండుగ తెల్లవారుజామున పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తాయి. ఏటేటా పడే సున్నం లోతు లేని అక్షరాలను పూడ్చేస్తుంది. తోటను పాడుబడకుండా కాపాడేదీ, దాని శాసనాలను చెరిపేదీ ఆ ఒక్క చెయ్యే. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న బందరు డచ్చి శ్మశానంలో పేర్లు నిలిచాయి గానీ, సున్నం వేసే వారసులు లేరు.

అందుకే ఇక్కడ ఫొటోలు తీసి అచ్చువేస్తే సరిపోదు. సాయంత్రపు ఏటవాలు వెలుగులో రాయిని చదవాలి, చర్చి భూస్థాపన రిజిస్టరుతో సరిచూడాలి. అన్నిటికన్నా ముందు ఈస్టరు తెల్లవారుజామున నోటుపుస్తకంతో తోటకు వెళ్లాలి. సున్నం కింద ఎవరి పేరుందో చెప్పగలిగిన మనుమరాలు అప్పుడే అక్కడుంటుంది.